కొవ్వొత్తి ముగ్గులు

గ్రీటింగ్ కార్డుల కాలం అయిపోయిందని అందరికన్నా ముందు తెలిసింది మాలాంటి స్టేషనరీ షాపుల వాళ్ళకే. ఒకప్పుడు డిసెంబరు సగం గడిచిందంటే షాపు ముందు తాళ్ళు కట్టి, క్లిప్పులు పెట్టి కార్డులు వేలాడదీసేవాళ్ళం. తెరిస్తే పాట వచ్చేవి, మెరుపుల పొడి అంటించినవి, గులాబీలు ఉన్నవి. కాలేజీ పిల్లలు గంటలకొద్దీ నిలబడి లోపలి ఇంగ్లీషు కవితలన్నీ చదివి, వెనక్కి తిప్పి ధర చూసి, మళ్ళీ తాడుకే తగిలించి పోయేవారు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ తాళ్ళూ పోయాయి. అవే మేకులకి ఇప్పుడు మొబైల్ కవర్లు వేలాడుతున్నాయి.

అయినా మార్గశిరం నుంచి సంక్రాంతి దాకా, మళ్ళీ ఉగాదికి, నా దగ్గర కార్డులు దొరుకుతాయి. టోకున తెచ్చినవి కాదు, ఇంట్లో అందరం కూర్చుని చేసినవి. కావలసినవి నీటి రంగులు, కొవ్వొత్తి. కొవ్వొత్తి గీసినచోట రంగు పట్టదు, మిగతాచోట పడుతుంది. చెప్పుకుంటే ఇంతే. చెయ్యడంలో మాత్రం చాలా ఉంది. అడిగినవాళ్ళందరికీ కౌంటర్లో నిలబడి, ఒక చేత్తో జిరాక్స్ తీస్తూ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మాది రాయగడ. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోదే. అందుకే బజార్లో ఇప్పటికీ రెండు భాషలూ నడుస్తాయి. బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగుతుంది, లేకపోతే అటు నుంచి ఇటు. మాకు కొత్త సంవత్సరాలు మూడు: జనవరి 1, ఉగాది, ఏప్రిల్ మధ్యలో ఒడియావాళ్ళ పణా సంక్రాంతి. మూడు కొత్త సంవత్సరాలున్న ఊళ్ళో కార్డుకి గిరాకీయే లేదంటే నేను నమ్మను. కొనదగ్గ కార్డు లేదంటే ఒప్పుకుంటాను.

ముగ్గు కార్డులు మొదలుపెట్టింది కూడా ఊరిని చూసే. ధనుర్మాసం వస్తే మన ఇళ్ళ వాకిళ్ళలో ముగ్గులు. అంతకు ముందు నుంచే మార్గశిర గురువారాలకి ఒడియా ఇళ్ళల్లో ఝోటి వేస్తారు. బియ్యప్పిండి నీళ్ళల్లో కలిపి వేళ్ళతో గీసే వరికంకులు, లక్ష్మీదేవి పాదాలు. మనది పొడిపిండి, వాళ్ళది తడిపిండి. చూపుకి రెండూ ఒకటే: నేల ముదురు, గీత తెలుపు. ఒకే కార్డు రెండిళ్ళకీ అమ్ముకోవచ్చు. వ్యాపారం చేసేవాణ్ణి కదా, ముందు తట్టింది అదే.

ఇక్కడే నీటి రంగులతో పేచీ. ఈ రంగుల్లో తెలుపు అంటే కాగితమే. డబ్బాలో తెల్ల ట్యూబు ఒకటి ఉంటుంది గానీ, ముదురు రంగు మీద దాంతో గీత గీస్తే ఆరాక బూడిద రంగులోకి దిగిపోతుంది, కిందున్న ఎరుపు పైకి ఊరుతుంది. పోనీ గీతని వదిలేసి చుట్టూ రంగు వేద్దామంటే, మెలికల ముగ్గులో ఒకే గీత చుక్కల చుట్టూ పాములా తిరిగి మొదలైనచోటికే వస్తుంది. దాని ఒంపులన్నిటి పక్కనా కుంచె పెట్టి రంగు నింపేసరికి మొదట వేసిన రంగు ఆరిపోయి అంచులు కట్టేస్తుంది. అందుకని ముందు తెలుపుని కాపాడుకోవాలి, తర్వాత ఒక్క ఊపులో రంగు వెయ్యాలి. దీన్నే రెసిస్ట్ అంటారు. కొవ్వొత్తిలో ఉండేది పారఫిన్ మైనం, నీళ్ళతో దానికి పడదు. గీసినచోట కాగితం రంధ్రాలు మూసుకుపోతాయి, రంగునీళ్ళు దాని మీద నిలవలేక పక్కకి జారతాయి.

ముందు కాగితం సంగతి. నా అనుభవంలో ఈ పనిలో డబ్బు పెట్టాల్సింది ఒక్క కాగితం మీదే. రంగులు పిల్లల డ్రాయింగు క్లాసు రంగులైనా నడుస్తాయి, కుంచె ఒక్కటి వెడల్పుది మంచిది ఉంటే చాలు. కాగితం చవకదైతే మాత్రం అంతా దండగ.

మా ఊరికి ఆనుకునే జేకేపూర్‌లో పేపర్ మిల్లు ఉంది, 1962 నుంచి నడుస్తోంది. నీలగిరి, సరుగుడు దుంగల లారీలు మా రోడ్డు మీద వెళ్ళని రోజు ఉండదు. నా షాపు బతికేదే ఆ మిల్లు జిరాక్స్ కాగితం మీద. అలాంటి ఊళ్ళో ఉండి నీటి రంగుల కాగితం మాత్రం కొరియర్లో తెప్పించుకోవాలి. జిరాక్స్ కాగితం 75 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 75 గ్రాములు. రంగునీళ్ళు పడగానే అప్పడంలా లేస్తుంది. స్కూలు డ్రాయింగు షీటు కాస్త నయం, కానీ రెండోసారి కుంచె తిప్పితే పైన నూగు లేస్తుంది. కార్డుకి 300 జీఎస్‌ఎం ఉండాలి. మడిచి నిలబెడితే నిలబడుతుంది, తడిసినా వంకర పోదు.

ఆ 300లోనూ నున్నటిది, గరుకుది అని రకాలు. కొవ్వొత్తికి గరుకుదే కావాలి, మరీ రాయిలా కాకుండా మధ్యరకం, కోల్డ్ ప్రెస్ అంటారు. దాని మీద కొవ్వొత్తిని గట్టిగా నొక్కి గీస్తే గీత నిండుగా తెల్లగా వస్తుంది. తేలిగ్గా రాస్తే మైనం గరుకు మీది మిట్టలకే అంటి పల్లాల్లోకి దిగదు. రంగు వేసినప్పుడు ఆ పల్లాలు నిండి, మిట్టలు తెల్లగా మిగిలి, గీతంతా పొడి రాలినట్టు వస్తుంది. వాకిట్లో వేళ్ళ మధ్య నుంచి ముగ్గుపిండి జారినప్పుడు గీత అంచుల్లో ఉండే నలక అచ్చం అదే. కార్డు చేతిలోకి తీసుకున్న ఆడవాళ్ళు ముందు అక్కడే వేలితో తడిమి చూస్తారు, పిండి అంటుకుంటుందేమోనని. నున్నటి కాగితం మీద ఈ సొగసు రమ్మన్నా రాదు.

కొవ్వొత్తి కూడా ఏదంటే అది కాదు. కరెంటు పోతే వెలిగించే లావుదాన్ని బ్లేడుతో చెక్కి ఉలి మొనలా చేస్తే పెద్ద గీతలకి, పాదాలకి, కార్డు చుట్టూ వేసే పట్టీకి బాగుంటుంది. సన్న గీతలకి కేకు మీద గుచ్చే పుట్టినరోజు కొవ్వొత్తులు. వాటి మొనని కొద్దిగా అరగదీసుకుంటే పెన్సిల్లా పట్టుకోవచ్చు. తెల్లవే తీసుకోండి, రంగువైతే కొన్ని కాగితానికి కాస్త రంగు అంటిస్తాయి. పిల్లల మైనపు క్రేయాన్లు పనికొస్తాయి గానీ వాటిల్లో సుద్ద కలుస్తుంది కాబట్టి రంగుని అంత బాగా ఆపవు. ఆయిల్ పాస్టెల్ బాగానే ఆపుతుంది, మెత్తన కావడంతో గీత లావెక్కుతుంది.

వాతావరణం తేడా కూడా కొవ్వొత్తిలో తెలుస్తుంది. డిసెంబరు పొద్దున్న మా దగ్గర చలి బాగానే ఉంటుంది. కొవ్వొత్తి బిగుసుకుపోయి గీత తెగుతుంది, కాసేపు గుప్పిట్లో పెట్టుకుని మొదలెట్టాలి. అదే ఉగాది కార్డులప్పుడు మధ్యాహ్నం పూట మెత్తబడి, వద్దన్నా దళసరిగా అంటుతుంది. ఉగాది కార్డుల గీతలు సంక్రాంతి కార్డుల గీతల కన్నా లావుగా ఉంటాయి, గమనించినవాళ్ళు ఉన్నారు.

అసలు చిక్కు ఏమిటంటే తెల్ల కాగితం మీద తెల్ల మైనం కనబడదు. ఎక్కడ గీశామో, ఎక్కడ వదిలేశామో తెలియదు. కిటికీ పక్కన కూర్చుని కాగితాన్ని ఏటవాలుగా పట్టుకుంటే మైనం ఉన్నచోట మెరుస్తుంది. చాలామంది పెన్సిల్‌తో గీసుకుని దాని మీద కొవ్వొత్తి రాస్తారు. అప్పుడు పెన్సిల్ గీత మైనం కింద ఇరుక్కుపోతుంది, రబ్బరు పెట్టినా పోదు, తెల్లటి ముగ్గులో నల్ల దారంలా కనబడుతుంది. నేను చుక్కలు మాత్రమే పెడతాను, అదీ వాటర్‌కలర్ పెన్సిల్‌తో, వెయ్యబోయే రంగుదే. మెలికల ముగ్గులో గీత చుక్క మీద నుంచి పోదు, చుట్టూ తిరుగుతుంది. అంచేత చుక్కల మీద మైనం పడదు, రంగునీళ్ళు తగలగానే అవి కరిగి కలిసిపోతాయి. తెల్ల చుక్కలే కావాలంటే వాటి మీద కొవ్వొత్తి మొనని నిలబెట్టి ఒక్కసారి తిప్పాలి.

చిన్న కార్డు ముఖానికి 5 చుక్కలు, సందు చుక్క, 3 వచ్చేదాకా. అంతకన్నా పెద్ద ముగ్గు పెడితే కొవ్వొత్తి లావుకి గీతలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. ముగ్గులన్నీ మా అమ్మవే. అమ్మ గీస్తే మా మేనకోడలు రంగు వేస్తుంది. కాగితం మీద ఏమీ కనబడకపోవడం అమ్మకి ఇబ్బంది కాదు, ఆవిడ గొడవ వేరు.

"పిండి అయితే సేతిలోంచి జారుతాది. దీన్ని గీకాలి. ముగ్గేటిరా ఇది, అట్లకాడతో పెనం గీకినట్టు!"

అలా అంటూనే పొద్దున్న టిఫిను అయినదగ్గర నుంచి కూర్చుంటుంది. రంగు ఎంపికలోనూ ఆవిడ మాటే చెల్లింది. నేను కావి రంగు ఒక్కటే అనుకున్నాను, బర్న్ట్ సియెనా అనే ఎర్ర గోధుమ రంగులో కాస్త ఎరుపు. "గోడకైతే కావి. వాకిట్లోకి కల్లాపి సల్లవా?" అంది. దాంతో రెండో రంగు వచ్చింది: ఆకుపచ్చలో గోధుమ రంగు కలిపి, కాస్త మురికిగా, ఇప్పుడే పేడనీళ్ళు చల్లిన నేలలా. అమ్మకాల్లో కావి రంగుదే పైచెయ్యి. కల్లాపి రంగుని మాత్రం పల్లెల నుంచి వచ్చి టౌనులో ఉంటున్నవాళ్ళు వెతికి పట్టుకుంటారు.

రంగు వెయ్యడంలో జాగ్రత్త ఒక్కటే, భయపడకుండా వెయ్యాలి. కార్డు మొత్తానికి సరిపడా రంగు ముందే గిన్నెలో కలిపి పెట్టుకోవాలి. మధ్యలో అయిపోయి మళ్ళీ కలిపితే అదే రంగు రాదు. వెడల్పు కుంచెని నిండా ముంచి పై నుంచి కిందకి అడ్డంగా లాగుతూ రావాలి, ఒకచోట రెండోసారి రుద్దకూడదు. రుద్దితే మైనం మీద కూడా రంగు కొంత పట్టుకుంటుంది. రంగు చిక్కగా ఉన్నా అంతే, నీళ్ళు తక్కువైతే మైనం మీద పేస్టులా కూర్చుంటుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. కుంచెలో సబ్బు మిగిలి ఉండకూడదు. సబ్బునీళ్ళు మైనం మీద కూడా పరుచుకుంటాయి, అప్పుడు కొవ్వొత్తి గీసిన లాభం ఉండదు. మా మేనకోడలు కుంచెలు శుభ్రంగా ఉండాలని సబ్బు పెట్టి కడిగే రకం. అందుకని పనికి ముందు మళ్ళీ మామూలు నీళ్ళల్లో జాడించడం ఒక నియమం చేసుకున్నాం.

రంగు వేశాక మైనం గీతల మీద చిన్న చిన్న బొట్లు నిలబడతాయి, తామరాకు మీద నీళ్ళలా. వాటిని టిష్యూ కొసతో అద్దేస్తే గీత శుభ్రంగా ఉంటుంది. మేము సగం కార్డుల్లో వదిలేస్తాం. ఆరాక ఆ బొట్లు నలుసుల్లా మిగిలి, వాకిట్లో ముగ్గు మీద మట్టి పడ్డట్టు ఉంటుంది. అచ్చు వేసిన కార్డుకీ చేత్తో చేసిన కార్డుకీ తేడా అడిగినవాళ్ళకి నేను ఆ నలుసులే చూపిస్తాను.

తెలుపు ఒక్కటే కాదు, ఏ రంగునైనా ఇలా కాపాడుకోవచ్చు. మొదట కార్డంతా పలచటి పసుపు. పూర్తిగా ఆరాక కొవ్వొత్తితో ముగ్గు. దాని మీద ఎరుపు. గీత పసుపురంగులో మిగులుతుంది, పసుపు కుంకుమల కార్డు తయారు. పెళ్ళిళ్ళ సీజన్లో ఇవి బాగా పోతాయి. లేత రంగు ముందు, ముదురు తర్వాత, ఈ వరస తప్పితే లాభం లేదు. గుడ్డ మీద మైనంతో బాతిక్ అద్దకం చేసేవాళ్ళదీ ఇదే వరస. బందరు వైపు పాతకాలం కలంకారీలో నీలిమందులో గుడ్డ ముంచేటప్పుడు నీలం పడకూడని చోటంతా మైనం పూసేవారు. పశ్చిమ ఒడిశా బంధ చీరల్లో మైనం ఉండదు, నేసే ముందే నూలుని కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టు కింద రంగు ఎక్కదు. మన పోచంపల్లి కూడా అంతే. వాళ్ళ పనితనంతో నా కార్డుని పోల్చను గానీ, ముందుగా ఎక్కడ రంగు పడకూడదో తేల్చుకోవడం అందరికీ ఒకటే.

ఇప్పుడు మాస్కింగ్ ఫ్లూయిడ్ గురించి. యూట్యూబ్ చూసి వచ్చే ప్రతి ఒక్కరూ దాన్నే అడుగుతారు. అది రబ్బరు పాలు, చెడకుండా అమ్మోనియా కలుపుతారు. మూత తీస్తే ముక్కుకి తెలుస్తుంది. కుంచెతోనో పాళీతోనో గీసి, ఆరనిచ్చి, పైన రంగు వేసి, అదీ ఆరాక వేలితో రుద్దితే రబ్బరు పొరలా లేచి వస్తుంది, కింద తెల్ల కాగితం. కొవ్వొత్తి చెయ్యలేనివి రెండు అది చేస్తుంది. గీత కనబడుతుంది, తర్వాత ఆ తెలుపులో మళ్ళీ రంగు నింపుకోవచ్చు. కొవ్వొత్తి రాసినచోటు ఇక జన్మలో రంగు పట్టదు.

అయినా కార్డులకి నేను దాని జోలికి తక్కువగా పోతాను. సీసా ఖరీదు. ఒకసారి తెరిచాక మా ఎండలకి లోపలే గడ్డలు కడుతుంది. కుంచెలో ఎండితే ఆ కుంచె చెత్తబుట్టలోకే, ముందే సబ్బు నురగలో ముంచుకుని వాడితే కొంచెం బతుకుతుంది. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ పెట్టినా, ఎండలో పెట్టినా రబ్బరు కాగితానికి అంటుకుపోతుంది. రోజుల తరబడి వదిలేసినా అంతే, లాగితే కాగితం పొరతో సహా లేస్తుంది. గీత అంచు కూడా కత్తితో కోసినట్టు ఉంటుంది. ముగ్గుకి ఆ అంచు నప్పదు.

దాన్ని వాడక తప్పనిది అక్షరాలకి. కొవ్వొత్తితో "ఉగాది" అని రాయండి, ముచ్చటగా వస్తుంది, అన్నీ గుండ్రాలే. "శుభాకాంక్షలు" రాయబోతే తెలుస్తుంది కష్టం. "క్ష" దగ్గరికి వచ్చేసరికి కింద ఒత్తు, పైన తలకట్టు, లోపలి మెలిక, అన్నీ మైనంలో ముద్దయిపోతాయి. ఒడియాలో "నబబర్ష" రాసినా చివర రేఫ దగ్గర ఇదే తంటా. అందుకని అక్షరాలు మాత్రం పాళీని ఫ్లూయిడ్‌లో ముంచి రాస్తాం. ఖర్చు తగ్గాలనుకునేవాళ్ళు "శుభం" అని ఊరుకోవడం మంచిది.

టేపు గురించి రెండు ముక్కలు. పెయింటర్లు వాడే కాగితపు టేపుని నాలుగు అంచులా అంటించి రంగు వేసి, ఆరాక తీస్తే చుట్టూ తెల్ల పట్టీ వస్తుంది. అంటించే ముందు ఒకసారి చొక్కాకో లుంగీకో అద్ది తీస్తే జిగురు తగ్గుతుంది, కాగితం చిరగదు. తీసేటప్పుడు పైకి కాకుండా ఏటవాలుగా, బయటివైపుకి లాగాలి. మైనం ఉన్నచోట మాత్రం టేపు అంటదు, కాబట్టి టేపు ముందు, కొవ్వొత్తి తర్వాత.

ఉప్పు, స్పిరిట్ కూడా పిల్లలు అడుగుతుంటారు. రంగు ఇంకా తడిగా ఉండి, మెరుపు తగ్గుతున్న క్షణంలో కళ్ళుప్పు చల్లితే ఒక్కో రాయి చుట్టూ నక్షత్రంలా తెల్లబడుతుంది. నిజానికి అది రంగుని ఆపడం కాదు, తడిని తన వైపు లాక్కోవడం. వానాకాలం మా దగ్గర ఉప్పు డబ్బాలోనే నీరు కారుతుంది, కార్డు మీద ఏం పీలుస్తుంది? ఇక స్పిరిట్. కరోనా అప్పుడు కొన్న సానిటైజర్ సీసాలు ఇంకా మిగిలి ఉంటే, జెల్ కాకుండా నీళ్ళలా ఉండేది, తడి రంగు మీద ఒక్క చుక్క వెయ్యండి. రంగు గుండ్రంగా పక్కకి తప్పుకుని మధ్యలో లేత వలయం మిగులుతుంది. రాత్రి ఆకాశానికి ఉప్పు, నీటి బుడగలకి స్పిరిట్. చూడ్డానికి సరదా, నేను అమ్మే కార్డుల్లో వాడను. ఎలా వస్తుందో చెప్పలేనిదానికి ఆర్డరు ఎలా తీసుకుంటాం?

ఆర్డరు అంటే గుర్తొచ్చింది. బయటి ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు ఎక్కువగా అడిగేది సవర గిరిజనుల బొమ్మల కార్డు. "అంకుల్, రెడ్ బ్యాక్‌గ్రౌండ్ మీద వైట్ మనుషులు, చెట్టు, నెమలి, అవి వెయ్యండి." నిజమే, కొవ్వొత్తికి అంతకన్నా తేలికైన పని ఉండదు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలు, ఈ కార్డుకి పుట్టినట్టే ఉంటాయి. కానీ మా జిల్లాలో గుణుపురం వైపు కొండల్లో లాంజియా సవరల ఇళ్ళల్లో అది అలంకారం కాదు. దేవుడికీ పోయిన పెద్దలకీ పూజ చేసి, అడిగి వేసే బొమ్మ. 2024లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానిదే అని ప్రభుత్వం ఇచ్చే ముద్ర, కూడా వచ్చింది, మా నియమగిరి డొంగ్రియా కోందుల శాలువాకి వచ్చినప్పుడే. కాగితం మీద, గుడ్డ మీద ఆ బొమ్మలు వేసి అమ్ముకునే సవర కళాకారులు ఉన్నారు. వాళ్ళ దగ్గర కొనుక్కోమని చెబుతాను. ఒకాయన నొచ్చుకుని "బేరం వదులుకుంటున్నారు" అన్నాడు. వదులుకుంటున్నాను. మా వాకిలి ముగ్గు మాకు చాలు, ఇంకా కావాలంటే నాగావళి వంతెన ఉంది, కొండలున్నాయి, తాటిచెట్లున్నాయి.

రంగు ఆరాక మిగిలేది కార్డుగా మార్చడం. మడతని చేత్తో మడిచేస్తే 300 జీఎస్‌ఎం కాగితం పగిలి నూగు లేస్తుంది. స్కేలు పెట్టి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో ముందు గట్టిగా గాడి గీసి, ఆ గాడి మీద మడవాలి. కాగితానికి కర్రకున్నట్టే వరస ఉంటుంది, ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, రెండోవైపు మొరాయిస్తుంది. కొయ్యకముందే రెండు వైపులా కాస్త వంచి చూసుకుని తేలిగ్గా వంగేవైపే మడత పెట్టుకుంటే కార్డు చక్కగా మూసుకుంటుంది.

మైనాన్ని తీసెయ్యాలా అని అడుగుతారు. పైన టిష్యూ వేసి కింద పాత పేపరు పెట్టి గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె రాస్తే చాలావరకు పీల్చుకుంటుంది, లోపల నూనె మరకలా కాస్త మిగులుతుంది. నేను తియ్యను, ఆ మెరుపు బాగుంటుంది. కాకపోతే కార్డుల మధ్య బటర్ పేపర్ పెట్టకుండా దొంతర పెట్టకూడదు. ఎండలో కారు ముందు అద్దం దగ్గర పెట్టినా మైనం పక్క కార్డుకి అంటేస్తుంది. ఇంకొకటి, మైనం మీద పెన్ను నడవదు, జెల్ పెన్ను అసలే నడవదు. సంతకం పెట్టబోయి గింజుకుంటారు. అందుకే లోపల 75 జీఎస్‌ఎం కాగితం ఒకటి మడిచి మడత దగ్గర మాత్రమే జిగురు పెడతాను, రాసుకోవడానికి. మిల్లు కాగితానికి అలా చోటు దొరికింది.

పోస్టులో పంపేవాళ్ళకి లెక్క చెబుతాను. ఏ4 కాగితం 300 జీఎస్‌ఎంది ఒక్కటే దాదాపు 19 గ్రాములు తూగుతుంది. దాన్ని మడిచి కవర్లో పెడితే 20 గ్రాములు దాటిపోతుంది, స్టాంపు ఎక్కువ పడుతుంది. అందులో సగం, ఏ5ని మడిచిన చిన్న కార్డు, తొమ్మిదిన్నర గ్రాములు లోపే. లోపలి కాగితం, కవరు కలిపినా 20కి బోలెడు ఎడం. మా కార్డులన్నీ ఆ సైజే. కవరు మీద అడ్రసు బాల్‌పెన్నుతో రాయండి, ఇంకు పెన్నుతో వద్దు. సంక్రాంతి కార్డుకి ఫరవాలేదు గానీ ఉగాది నాటికి ఈదురుగాలి వానలు మొదలవుతాయి.

ధర 40 రూపాయలు. "కొవ్వొత్తి గీతకి నలబయ్యా?" అనేవాళ్ళకి కాగితం విడిగా అమ్ముతాను, కోసి, గాడి పెట్టి. కొవ్వొత్తి కూడా పక్క అరలోనే ఉంటుంది.